రాతిగుట్టల సీమలో పన్నెండు బోరు

బళ్ళారి ఊరు దాటి కాస్త దూరం పోగానే సంగనకల్లు గుట్టలు ఎదురవుతాయి. బండ మీద బండ పేర్చినట్టున్న కుప్పలు, వాటి సందుల్లో గవులు, గవుల ముందు సీతాఫలం, రేగు, తంగేడు పొదలు. ఇలాంటి గుట్టలే ఇటు రాయదుర్గం, కళ్యాణదుర్గం దాకా, అటు సండూరు, కంప్లి, హంపి దాకా విడివిడిగా పరుచుకుని ఉన్నాయి. ఎలుగుబంటికీ చిరుతకూ పగలు తలదాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఆ గుట్టల పాదాల దాకా మన వేరుశనగ, జొన్న, మొక్కజొన్న, మిరప చేలు పాకిపోయాయి. పగలు మనది, రాత్రి వాటిది అని గిరిగీసి పంచుకునే వీల్లేదు. రాత్రి కావలి మనకూ తప్పదు, రాత్రి మేత వాటికీ తప్పదు.

అందుకే ఈ ప్రాంతంలో చేను కాపలాకు వెళ్ళే రైతు, గొర్రెల మందతో గుట్ట కింద మకాం వేసే కాపరి, ఊరికి దూరంగా తోటలో ఇల్లు కట్టుకున్న కుటుంబం అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఒకే మాట అడుగుతారు: "తుపాకి తీసుకుంటే ఏది మంచిదన్నా? దానికి ఏమేం చేయించాల?" ఈ ప్రశ్నకు జవాబు తుపాకి దుకాణంలోనే మొదలై అక్కడే ముగియదు. జంతువు నడత, చట్టం, తూటా, బ్యారెల్, రాయి, చీకటి, కాల్చే మనిషి భుజం అన్నీ కలిస్తేనే జవాబు వస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రాణరక్షణకు తుపాకి తప్పదనుకునేవాడికి ఈ గుట్టల మధ్య సాదా జోడు నళ్ళ పన్నెండు బోరు చాలు. దానికి చేయించే మార్పులన్నీ అది మన ఒంటికి అమరడం కోసమే ఉండాలి. ఇక్కడ తుపాకి అడిగే పదిమందిలో ఎక్కువమందికి అసలు కావలసింది తుపాకి కాదని కూడా నమ్ముతాను. ఎందుకో వివరంగా రాస్తాను.

పనికి తగిన పనిముట్టు ఎంచుకోవడం ఈ గుట్టలకు కొత్త కాదు. 1872లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇక్కడి రాతియుగపు ఆనవాళ్ళను గుర్తించాడు. 1940లలో మన బెండపూడి సుబ్బారావు గారు సంగనకల్లులో తవ్వి, 'బళ్ళారి రాతియుగ సంస్కృతులు' మీద పుస్తకం రాశారు. అక్కడి హిరేగుడ్డ మీద నవీన శిలాయుగపు గొడ్డళ్ళు చేసిన చోట రాతి చెక్కులు ఇప్పటికీ గుట్టలుగా పడి ఉన్నాయి. చుట్టూ కావలసినంత గ్రానైట్ ఉన్నా ఆ మనుషులు దాన్ని వదిలేసి, గుట్టను చీల్చుకుంటూ పోయిన నల్లని డోలరైట్ చారనే ఎంచుకున్నారు. చెక్కితే అది అనుకున్నట్టు పగులుతుంది, నూరితే అంచు నిలుస్తుంది. తుపాకి విషయంలోనూ ఆ పద్ధతే మంచిది. ముందు పని ఏమిటో తేల్చుకోవాలి.

పని ఏమిటో తేల్చేది జంతువు. అడవిపంది పంట మీదికి వస్తుంది, మనిషి మీదికి కావాలని రాదు. గాయపడినా, పిల్లలతో ఉన్నా, దారి లేక ఇరుక్కున్నా మాత్రం కోరతో తొడ చీల్చేస్తుంది. చిరుత మనిషిని చూస్తే తప్పుకునే జంతువు. కుక్క కోసం, మేక కోసం ఊళ్ళోకి వస్తుంది. పిల్లలు, చీకట్లో వంగి కూర్చున్నవాళ్ళు దానికి చిన్న జంతువుల్లా కనిపిస్తారు. అక్కడే ప్రమాదం. ఎలుగుబంటి సంగతి వేరు. ఈ సీమలో మనుషులను ఎక్కువగా గాయపరిచేది అదే, మనిషిని తినడానికి మాత్రం రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పళ్ళు. ఆ తిండి కోసం తల నేలలో దూర్చి, గట్టిగా ఊదుతూ పీలుస్తూ ఉంటుంది కాబట్టి మన అడుగుల చప్పుడు దానికి వినిపించదు. పది పదిహేను గజాల దగ్గరికి వచ్చేదాకా ఒకరినొకరు గమనించుకోరు. గమనించాక అది పారిపోవడం కంటే మీద పడడమే క్షేమమనుకుంటుంది. పులులతో కలిసి బతికిన జాతి కదా, అలా నేర్చుకుంది. మగది 80 నుంచి 145 కిలోల దాకా తూగుతుంది. ముందు కాళ్ళ గోళ్ళు నాలుగంగుళాల దాకా ఉంటాయి. ముఖమే దాని గురి. కన్ను, దవడ పోగొట్టుకుని బతుకుతున్నవాళ్ళు ఈ పల్లెల్లో ఉన్నారు.

లెక్క వేసి చూడండి. ఎలుగు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుంటే సెకనుకు ఎనిమిది మీటర్ల పైమాటే. పదిహేను మీటర్ల దూరంలో లేచిందంటే రెండు సెకన్లు కూడా చేతిలో ఉండవు. ఆ రెండు సెకన్లలో భుజాన వేలాడే తుపాకి దించాలి, సేఫ్టీ తీయాలి, భుజానికి ఆనించాలి, ఆ నల్లటి జూలు కుప్పలో శరీరం ఎక్కడుందో చూడాలి, కాల్చాలి. ఎలుగు జూలు చాలా పొడుగ్గా, వదులుగా ఉంటుంది. పక్కనుంచి చూస్తే కనిపించే ఆకారంలో చాలా భాగం వట్టి వెంట్రుకలే. అంచుకు కాలిస్తే వెంట్రుకలు తెగుతాయి, జంతువు ఆగదు. 1950లలో అరసికెరె దగ్గరి గుట్టల్లో చాలామందిని చంపిన ఒక ఎలుగు గురించి బెంగళూరు శికారి కెన్నెత్ ఆండర్సన్ రాశాడు. దాని కోసం ఆయన పలుమార్లు తిరగాల్సి వచ్చింది. జీవితమంతా అడవిలో గడిపిన మనిషికే అంత కష్టమైతే, మొదటిసారి తుపాకి పట్టిన రైతు రెండు సెకన్లలో ఏం చేయగలడో ఆలోచించాలి.

ఇక చట్టం. దీని మీద ఊళ్ళలో సగం తెలిసిన మాటలే ఎక్కువ తిరుగుతుంటాయి కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ సామాన్యుడికి ఒక దారి తెరిచే ఉంచింది. రక్షణకో ఆటకో, లోపల గాడులు లేని నున్నటి బ్యారెల్ తుపాకి, అదీ బ్యారెల్ ఇరవై అంగుళాలకు తగ్గకుండా ఉంటే, లైసెన్సు అడగవచ్చు. పంట రక్షణకైతే మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇస్తారు. అది సరిపోదని అధికారికి తోస్తే పంట రక్షణకే వేరే నున్న బ్యారెల్ తుపాకి కూడా ఇవ్వవచ్చు. ఈ చివరి వాక్యం చాలామంది దరఖాస్తుదారులకు తెలియదు. 2016 నియమాల ప్రకారం ఆయుధం భద్రంగా వాడడంలో శిక్షణ పొందినట్టు పత్రం కావాలి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది.

సరిహద్దు జిల్లా వాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. 1953లో పాత బళ్ళారి జిల్లా చీలినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. చుట్టరికాలు, చేలు మాత్రం ఆ గీత చూసి చీలలేదు. ఇంటి గడప కర్ణాటకలో, మామగారి తోట గుంతకల్లు వైపు ఉన్నవాళ్ళు ఎందరో. లైసెన్సు ఎంతమేర చెల్లుతుందో ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది. కర్ణాటక వరకే చెల్లే లైసెన్సుతో తుపాకి బండిలో పెట్టుకుని సరిహద్దు దాటితే, ఆ గీతకు అవతల అది లైసెన్సు లేని తుపాకితో సమానం. అదే రాష్ట్రంలో కొడగు వాళ్ళకు ఆయుధాల చట్టం నుంచి తరతరాలుగా మినహాయింపు ఉంది కదా అని కొందరంటారు. అది కొడవ జాతికీ అక్కడి జమ్మా భూముల వాళ్ళకూ కేంద్రం ఇచ్చిన ప్రత్యేక వెసులుబాటు. బళ్ళారికి వర్తించదు.

అటవీ చట్టం దీని మీద ఇంకో పొర. సండూరు, హొసపేటల మధ్య దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం 1994లో ఏర్పడింది. దాని వెనక సండూరు రాజకుటుంబానికి చెందిన ఎం.వై. ఘోర్పడే లాంటివాళ్ళ పట్టుదల ఉంది. మంత్రిగా పనిచేసిన ఆయన అడవి జంతువుల ఫొటోగ్రాఫర్‌గా దేశం బయట కూడా పేరు తెచ్చుకున్నాడు. అభయారణ్యం అంచు నుంచి పది కిలోమీటర్ల లోపు ఉండి తుపాకి లైసెన్సు ఉన్నవాళ్ళు 1972 వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం తమ పేరు అటవీ అధికారుల దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఒప్పుకోవాలి. అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టకూడదు. సంగనకల్లు ఆ పరిధికి బయటే ఉంది. కంప్లి, దరోజి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మాత్రం దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ప్రాణం మీదికి వస్తే కాల్చవచ్చా? కాల్చవచ్చు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్, తననో మరొకరినో కాపాడుకోవడానికి మంచి ఉద్దేశంతో జంతువును చంపినా గాయపరిచినా నేరం కాదంటుంది. అయితే ఆ సమయానికి ఆ మనిషి ఆ చట్టాన్ని ఉల్లంఘించే పనిలో ఉండకూడదు. ఉచ్చు వేయడానికి వెళ్ళి ఎలుగు ఎదురైతే కాల్చానంటే కుదరదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. దాని గోరు ముట్టుకున్నా వేరే కేసు. ఎలుగు, చిరుత మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పంట తిన్నదని వాటిని కాల్చే హక్కు ఎవరికీ లేదు. అడవిపందుల విషయంలో తెలంగాణ, కేరళ ప్రభుత్వాలు స్థానిక సంస్థల ద్వారా, నమోదైన షూటర్లతో కాల్పించే పద్ధతి పెట్టాయి. అక్కడ కూడా చేను యజమాని తన ఇష్టానికి కాల్చడానికి లేదు.

తుపాకి దగ్గరికి వద్దాం.

పన్నెండు బోరు అంటే, బ్యారెల్ లోపలి కొలతకు సరిపోయే గుండ్రటి సీసపు గుండ్లు పన్నెండు తూచితే ఒక పౌను. ఆ కొలత సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఇంతకంటే చిన్న బోర్లు ఉన్నాయి, చేతికి తేలికే. వాటికి తూటాలు వెతుక్కోవాలి. మన దుకాణాల్లో ఏడాది పొడవునా దొరికేది పన్నెండు బోరే. ఖడ్కీ మందుగుండు కర్మాగారం తూటాలే ఎక్కువమంది వాడతారు. ఇప్పుడు ఆ కర్మాగారం 2021లో ఏర్పడిన మ్యునిషన్స్ ఇండియా కింద ఉంది. తుపాకుల్లో సర్కారు కర్మాగారాల్లో చేసినవి, బీహార్‌లోని ముంగేర్, జమ్మూ వైపు నుంచి వచ్చినవి ఉంటాయి. పాత ఇళ్ళలో తాతలనాటి ఇంగ్లీషు తుపాకులు ఇంకా గోడలకు వేలాడుతుంటాయి.

మూతి నుంచి మందు కూరే తుపాకి పంది మీద శబ్దం చేయడానికి పనికొస్తుంది. ఒక్క దెబ్బ, ఆ తర్వాత నిమిషాల పని, వాన తుంపరకు మందు చెమ్మగిల్లితే అదీ లేదు. ఎదురుపడిన ఎలుగు ముందు దాన్ని నమ్ముకోలేం. ఒంటి నళి తుపాకి చవక, తేలిక, సరళం. రెండో దెబ్బ లేకపోవడమే దాని లోటు. పంపు తుపాకిలో నాలుగైదు తూటాలు పడతాయి. విదేశాల్లో అడవి తిరిగేవాళ్ళు ఎక్కువగా దాన్నే ఎంచుకుంటారు. రోజూ సాధన చేసేవాడి చేతిలో అది గొప్ప పనిముట్టు. ఏడాదిలో పది తూటాలు కూడా కాల్చని మనిషి గాబరాలో పంపును సగమే లాగుతాడు, తూటా అడ్డం పడుతుంది, ఆ రెండు సెకన్లు అయిపోతాయి. మన పరిస్థితికి నేను జోడు నళ్ళకే ఓటు వేస్తాను. రెండు బ్యారెళ్ళు, రెండు ట్రిగ్గర్లు, అంటే ఒకే కట్టెకు బిగించిన రెండు విడి తుపాకులు. ఒకటి మొరాయిస్తే రెండోది ఉంది. కుడి బ్యారెల్లో గుళ్ళు, ఎడమ బ్యారెల్లో ఒంటి గుండు పెట్టుకుని, ఏ ట్రిగ్గర్ నొక్కితే అది. మధ్యకు విరిస్తే లోపల తూటా ఉందో లేదో చంటిపిల్లాడికి కూడా కనిపిస్తుంది. బండలెక్కేటప్పుడు, ముళ్ళకంచె దాటేటప్పుడు విరిచి చేతి మీద వేసుకుంటే పక్కవాడికి భయం ఉండదు.

పాత జోడు నళ్ళ తుపాకి కొనేవాళ్ళు, తాత తుపాకిని తమ పేరు మీదికి మార్పించుకునేవాళ్ళు ఒక్క పూట కేటాయించి దాన్ని జాగ్రత్తగా చూడాలి. తూటాలు లేవని రెండుసార్లు సరిచూసుకుని, విరిచి, బ్యారెళ్ళు విడదీసి పగటి వెలుగు వైపు పట్టి లోపలికి చూడండి. అద్దంలా మెరిసే గొట్టంలో నీడల వలయాలు వరసగా, గుండ్రంగా కనిపించాలి. ఒకచోట వలయం వంకర పోయిందంటే అక్కడ సొట్ట ఉంది. నల్లటి చుక్కలు తుప్పు తిన్న గుంటలు. బ్యారెల్‌ను కొక్కేనికి వేలాడదీసి గోటితో మీటితే గంటలా మోగాలి. బొంగురుగా పలికితే రెండు గొట్టాలను కలిపిన పట్టీ ఎక్కడో ఊడింది. బ్యారెల్ మీద మెలికలు తిరిగిన అలల గీతలు కనిపిస్తే అది డమాస్కస్ బ్యారెల్, నల్లమందు కాలం నాటిది. ఎంత అందంగా ఉన్నా ఈనాటి తూటా దాంట్లో పెట్టకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది తూటా కూర్చునే గది పొడవు. పాత ఇంగ్లీషు తుపాకుల్లో అది రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు చాలావరకు 70 మిల్లీమీటర్లవి. 70 తూటా 65 గదిలో చక్కగా కూర్చుంటుంది, తలుపు కూడా మూసుకుంటుంది. మోసం అక్కడే ఉంది. తూటా మీద రాసిన పొడవు అది పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. మూతి మడిచి ఉన్నప్పుడు పొట్టిగా ఉండి, పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు లేక గొంతు దగ్గర నొక్కుకుపోతుంది. పీడనం పెరుగుతుంది. బ్యారెల్ పగిలి వేళ్ళు పోయేవి ఇలాంటి పొరపాట్లతోనే. గది కొలత బ్యారెల్ అడుగున ముద్ర వేసి ఉంటుంది. చదవలేకపోతే లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర కొలిపించండి.

తూటాలో ఏముండాలి? పిట్టలకు వాడే సన్నగుళ్ళు ఎలుగు జూలులో చిక్కుకుని తోలు కిందే ఆగుతాయి, జంతువును రెచ్చగొట్టడం తప్ప మరేం చేయవు. ఎస్.జి. అని పిలిచే పెద్ద గుళ్ళు ఔన్సుకు ఎనిమిది తూగుతాయి, ఒక్కొక్కటి మూడున్నర గ్రాములు. ఎల్.జి. ఔన్సుకు ఆరు. గాయపడిన చిరుతను పొదల్లో వెతకాల్సి వచ్చినప్పుడు పాత శికారీలు రైఫిల్ కంటే ఈ పెద్ద గుళ్ళ తుపాకినే నమ్మేవారు. ఇరవై మీటర్ల లోపు దాని దెబ్బ భయంకరం, ముప్పై దాటితే గుళ్ళు విడిపోయి ఒకటో రెండో తగులుతాయి. బలమైన ఎముక, మందమైన కండ ఉన్న జంతువుకు ఒంటి గుండు మేలు. బ్యారెల్ మూతి దగ్గర లోపలి ఇరుకును చోక్ అంటారు. పాత జోడు తుపాకుల్లో ఎడమ బ్యారెల్ పూర్తి చోకుతో ఉండడం మామూలు. ఆ ఇరుకులోంచి ఏ ఒంటి గుండు పోవచ్చో తూటా పెట్టె మీద చదివి, గన్‌స్మిత్‌ను అడిగి తేల్చుకోవాలి. ప్రాణరక్షణకు కొత్తది ఎంచుకునేటట్టయితే చోక్ తక్కువ ఉన్నదే తీసుకోండి. మన దూరం పదిహేను మీటర్లు, వంద కాదు.

పెద్ద కాగితం కట్టి పది, పదిహేను, ఇరవై, ముప్పై మీటర్ల నుంచి కాల్చి చూస్తే గాని ఏ తుపాకి ఏ తూటాతో ఎలా కొడుతుందో తెలియదు. ఒకే కంపెనీ తుపాకులు రెండు పక్కపక్కన పెట్టినా ఒకేలా కొట్టవు.

మార్పుల సంగతికి వస్తే, మొట్టమొదట బట్టు పొడవు. దుకాణంలో వచ్చే తుపాకి ఆరడుగుల మనిషి కొలతకు చేసినట్టుంటుంది. మన రైతు, మన కాపరి అంత పొడుగు కాదు. పైగా చలికాలం రాత్రి కంబళి కప్పుకుని ఉంటాడు. బట్టు మోచేతి మడతలో ఆనించి చూపుడు వేలు ట్రిగ్గర్ మీద పెడితే, వేలి మొదటి గణుపు తేలిగ్గా అందాలి. అందకపోతే బట్టు పొడవైంది, ఎత్తేటప్పుడు చంకలో తట్టుకుంటుంది. ఒక అంగుళం తీయించి రబ్బరు ప్యాడు వేయిస్తే తుపాకి మనిషిదవుతుంది, తన్ను కూడా తగ్గుతుంది. తన్నుకు భయపడేవాడు ట్రిగ్గర్ లాగే ముందే కళ్ళు మూస్తాడు. ఈ పని ఊరి వడ్రంగితో చేయించవద్దు. చట్టం ప్రకారం తుపాకి బాగుచేసే పనికి కూడా లైసెన్సు ఉండాలి.

రెండోది తోలుపట్టీ. బండలెక్కడానికి రెండు చేతులూ కావాలి. పట్టీ లేని తుపాకిని ఇంటి దగ్గరే వదిలేసి పోతారు, కావలసిన రోజు అది దండేనికి వేలాడుతుంటుంది. వెడల్పు పట్టీ, చప్పుడు చేయని కొక్కేలు చాలు. మూడోది బ్యారెల్ కొసనున్న పూస. ఇత్తడి పూస మసక వెలుగులో కనిపించదు, తెల్లదో పెద్దదో వేయించుకోవాలి. నాలుగోది బట్టుకు తొడిగే తోలు తొడుగు, దానికి నాలుగైదు తూటాల గూళ్ళు. గుళ్ళ తూటాలు ఒకవైపు, గుండు తూటాలు ఒకవైపు, చీకట్లో చేత్తో తడిమి తెలుసుకునేలా.

లైటు విషయంలో నా మాట కొందరికి నచ్చదు. తుపాకికే లైటు బిగిస్తే, చప్పుడు వచ్చిన ప్రతిచోటికీ తుపాకి మూతి తిప్పాల్సి వస్తుంది. ఆ చప్పుడు పక్క చేను కావలివాడిది కావచ్చు, బహిర్దేశానికి వచ్చిన ఆడమనిషిది కావచ్చు. లైటు తలకో తోటివాడి చేతిలోనో ఉండాలి. చూసింది ఏమిటో తేలాకే తుపాకి లేవాలి.

అసలు చేయించకూడని మార్పు ఒకటుంది, దాని గురించి గట్టిగా చెప్పాలి. బ్యారెల్ కోయించవద్దు. పొదల్లో తట్టుకోకుండా పొట్టిగా ఉంటే బాగుంటుందన్న ఆలోచన సహజమే, విదేశాల్లో పొట్టి బ్యారెళ్ళ తుపాకులు చూసి ఆ కోరిక పుడుతుంది. ఇక్కడ అనుమతి లేకుండా బ్యారెల్ పొట్టి చేస్తే 2019 సవరణ తర్వాత ఏడేళ్ళకు తగ్గని జైలు. అవసరమూ లేదు. జోడు నళ్ళ తుపాకిలో పంపు యంత్రం పొడవు ఉండదు కాబట్టి, అదే పొడవు బ్యారెల్ ఉన్న పంపు తుపాకి కంటే అది మొత్తంగా పొట్టిగా ఉంటుంది. లైసెన్సు లేని నాటు తుపాకి గురించైతే, దగ్గర పెట్టుకున్నందుకే కనీసం రెండేళ్ళ జైలు, పైగా అది పేలినప్పుడు ముందుకు పోతుందో వెనక్కి వస్తుందో చెప్పలేం.

ఈ సీమకే ప్రత్యేకమైన ప్రమాదం రాయి. మెత్తటి నేల మీద గుండు దిగబడుతుంది. సంగనకల్లు బండల మధ్య, హంపి గుట్టల మధ్య గ్రానైట్‌కు తగిలిన సీసం చెక్కలుగా విరిగి, ఏటవాలుగా తగిలితే మొత్తంగా దిశ మార్చుకుని లేస్తుంది. గవి ముందు నిలబడి లోపలికి కాల్చడం కంటే పిచ్చిపని ఇంకోటి లేదు. గుళ్ళు తిరిగి కాల్చినవాడి మీదికే వస్తాయి, లోపల ఎలుగు ఉంటే అదీ వస్తుంది. గుట్ట వెనక ఊరో, గొర్రెల మందో, కాపరి గుడిసో ఉందేమో తెలియకుండా గుట్ట అంచు మీద నిలబడ్డ జంతువు వైపు ఒంటి గుండు కాల్చకూడదు. అది మీద పడే దూరంలో, నేల వైపు వాలి ఉన్న కోణంలోనే ఆ దెబ్బకు అర్థం ఉంది.

ఇంత చేసినా తుపాకి మనిషిని కాపాడుతుందా? ఈ ప్రశ్నను అలాస్కాలో శ్రద్ధగా అడిగి చూశారు. అక్కడ అడవి తిరిగేవాళ్ళకు తుపాకి చేతిలో ఉండగా ఎలుగులు ఎదురైన పాత సంఘటనలను టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో బృందం 2012లో పరిశీలించింది. 1883 నుంచి 2009 దాకా 269 సంఘటనలు. తుపాకి దగ్గరున్నవాళ్ళలో దాన్ని కాల్చినవాళ్ళకు, కాల్చనివాళ్ళకు గాయాల్లో పెద్ద తేడా కనిపించలేదు. సమయానికి అందకపోవడం, గురి తప్పడం, తూటా అడ్డం పడడం కారణాలు. అదే పరిశోధకులు 2008లో ఎలుగుల మీద చల్లే మిరప ద్రావణం గురించి రాసినదాంట్లో, అది వాడినవాళ్ళలో 98 శాతం మందికి గాయాలు కాలేదు. ఈ లెక్కలు అలాస్కావి, మన ఎలుగు వేరు జాతి. రెండు సెకన్ల సమస్య మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

అమెరికాలో ఉండి ఎల్లోస్టోన్, గ్లేసియర్ పార్కులకు వెళ్ళే మన తెలుగు కుటుంబాలకు ఒక మాట. 2010 నుంచి అక్కడి జాతీయ పార్కుల్లో రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే తుపాకి దగ్గర పెట్టుకోవచ్చు. కానీ హెచ్1బి, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్ళు వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప తుపాకి ముట్టుకుంటే ఫెడరల్ నేరం. స్నేహితుడిది ఒక్కసారి పట్టుకున్నానంటే కూడా ఒప్పుకోరు. మిరప స్ప్రే డబ్బా కొనుక్కుని నడుముకు తగిలించుకోండి.

మన దగ్గర ఏం జరిగిందో చూద్దాం. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగు ఒకరిని చంపి, చాలామందిని గాయపరిచింది. ఉద్దానంగా పిలిచే ఆ ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటల్లో పనికి పోయేవాళ్ళకు ఎలుగు భయం కొత్త కాదు. అటవీశాఖ మత్తు ఇచ్చి పట్టుకుంది, అది ఆ వెంటనే చచ్చిపోయింది. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపను ఎత్తుకుపోయి చంపింది. ఆ తర్వాత దేవస్థానం భక్తుల చేతికి కర్రలిచ్చింది, గుంపుగా నడవమంది, చిన్నపిల్లలను మధ్యాహ్నం తర్వాత పంపడం ఆపింది. కర్ర ఇవ్వడం చూసి అప్పుడు చాలామంది వెక్కిరించారు. ఆ వెక్కిరింపు నాకు అన్యాయం అనిపించింది. కర్ర పట్టుకున్న మనిషి నిటారుగా నడుస్తాడు, నేల మీద తట్టి చప్పుడు చేస్తాడు, చిరుతకు ఎదురు తిరిగే జంతువులా కనిపిస్తాడు. వాటికి దూరం నుంచే మన ఉనికి తెలిపే పని అది.

గుట్ట కింద కావలికి ఈ దారే ముందు. ఒంటరిగా పోవద్దు. తెల్లవారుజామున, మసక చీకట్లో గవుల దగ్గర, చెదపుట్టల దగ్గర, సీతాఫలం కాపు కాలంలో పొదల దగ్గర మాట్లాడుకుంటూ, కర్ర తట్టుకుంటూ నడవాలి. మంచె నేలకు ఎత్తుగా ఉండాలి. పాత వడిసెల ఇంకా పనిచేస్తుంది, రాయి తగలకపోయినా ఆ చప్పుడు చాలు. బయట నేల మీద పడుకోవద్దు, పిల్లలను అసలు పడుకోబెట్టవద్దు. కుక్క మొరిగితే అది వెనక్కి పరుగెత్తి యజమాని దగ్గరికే ఎలుగును తీసుకొస్తుందని తెలుసుకోండి. చేనుకు నేరుగా కరెంటు తీగలు చుట్టే పద్ధతి ఎలుగు కంటే ఎక్కువ ప్రాణాలు తీసే పని. దాంట్లో పక్క చేను మనిషి కూడా పడతాడు. సోలార్ కంచె వేరు, అది క్షణం పాటు చురుక్కుమనిపించి వదిలేస్తుంది.

ఇన్ని చేసినా గుట్టకు ఆనుకుని ఒంటరి ఇల్లు ఉన్నవాళ్ళు, అడవి అంచు తోటల్లో కుటుంబంతో బతికేవాళ్ళు కొందరుంటారు. పక్కింటివాడు అరుపు వినడు, అటవీశాఖ బండి రావడానికి గంటలు పడుతుంది. వాళ్ళకు తుపాకి కావాలి, ఇవ్వాలి. లైసెన్సు దరఖాస్తులు ఏళ్ళ తరబడి కార్యాలయాల్లో పడి ఉండడం ఆ కుటుంబాలకు చేసే అన్యాయం. ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకులు ఠాణాలో జమ చేయించుకుంటారు. అది కావలి రోజుల్లోనే పడితే ఆ ఇళ్ళు వారాల తరబడి ఖాళీ చేతులతో ఉంటాయి. నిజంగా అడవి అంచున ఉన్నవాళ్ళకు మినహాయింపు కోసం, ఎవరి తుపాకి జమ చేయించాలో తేల్చే పరిశీలన కమిటీ ముందు దరఖాస్తు పెట్టుకునే దారి ఉందని ఊళ్ళో ఎవరూ చెప్పరు.

అంతకంటే పెద్ద లోటు, లైసెన్సున్న రైతుకు కాల్చి చూసుకునే చోటు లేకపోవడం. శిక్షణ పత్రం ఒకసారి తెచ్చుకుంటాడు, తుపాకి ఇంటికి తెచ్చుకుంటాడు, ఆ తర్వాత అయిదేళ్ళు దాన్ని నూనె రాసి తుడుస్తుంటాడు. తన తుపాకి ఏ తూటాతో ఎక్కడ కొడుతుందో తెలియని మనిషి మొదటి దెబ్బ ఎదురుగా లేచిన ఎలుగు మీద కాలుస్తున్నాడు. బళ్ళారి, అనంతపురం లాంటి జిల్లాల్లో పోలీసుల కాల్పుల మైదానం ఏడాదికి రెండు రోజులు, పంట కోతల తర్వాత, లైసెన్సున్న రైతులకు తెరిచి ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పాత తుపాకుల గది కొలతలు అక్కడే ఒక గన్‌స్మిత్ సరిచూడవచ్చు, అటవీశాఖ మనిషి ఒకరు ఎలుగు నడత గురించి అరగంట మాట్లాడవచ్చు. లైసెన్సు రెన్యువల్ కాగితంతో పాటు ఆ రోజు హాజరైనట్టు ముద్ర అడిగితే, ఎవరూ ఇబ్బంది పడరు.